ఓటీపీ చెప్పింది ఎవరు?

శ్రీకాకుళం పట్టణంలో రైలు స్టేషన్ లేదు. శ్రీకాకుళం రోడ్ అని బోర్డున్న స్టేషన్ ఆమదాలవలసలో ఉంది. అక్కడ దిగినవాళ్లు ఆటో పట్టుకుని నాగావళి ఒడ్డునున్న జిల్లా కేంద్రానికి చేరుకోవాలి. స్టేషన్ బయట ఆటో డ్రైవర్ ఎవరి పేరూ అడగడు. "ఎటెల్లాలి బావూ?" అన్న ఒక్క మాటతో సరి. మనిషి తీరు, మాట, చేతిలో సామాను చూసి ఎక్కించుకోవాలో లేదో తేల్చుకుంటాడు. ఎక్కేవాళ్లూ అంతే. స్టాండులో నలుగురికీ తెలిసిన బండి కదా అన్న ధీమాతో ఎక్కుతారు.

అదే రైల్లో ఇంకాస్త ముందుకెళ్లి విశాఖపట్నంలో దిగి, ఫోన్ తీసి ఓలాలోనో ఊబర్‌లోనో రాపిడోలోనో బండి పిలిస్తే ఆ చూపుల పరీక్ష మొత్తం తెర మీదికి మారిపోతుంది. ప్రయాణికుడికి డ్రైవర్ ఫొటో, పేరు, బండి నంబరు, రేటింగ్ కనిపిస్తాయి. డ్రైవరుకు కనిపించేది ఒక పేరు, ఎక్కే చోటు. ఆ పేరు కూడా ఖాతా తెరిచినప్పుడు అవతలివాళ్లు తమకు తోచినట్టు రాసుకున్నదే. 'అమ్మ' అని ఉండొచ్చు, 'బుజ్జి' అని ఉండొచ్చు. తర్వాత నాలుగంకెల ఓటీపీ. అది సరిపోతే బండి కదులుతుంది.

డ్రైవర్ లైసెన్సు, ఫొటో, పోలీసు ధ్రువీకరణ అన్నీ కంపెనీ దగ్గర ఉంటాయి. వెనక సీట్లో కూర్చున్న మనిషి గురించి మాత్రం నాలుగంకెలతో సరిపెట్టుకుంటున్నాం. ఆ అంకెలు నిజంగా దేన్ని రుజువు చేస్తున్నాయి? దేన్ని చేయడం లేదు?

నాలుగంకెల పని

లెక్క చిన్నదే. 0000 నుంచి 9999 వరకు మొత్తం 10,000 సంఖ్యలు. కంపెనీ సర్వర్ వాటిలో ఒకదాన్ని ఖాతాదారు ఫోన్‌లో చూపిస్తుంది. ప్రయాణికుడు చెప్పిన సంఖ్యను డ్రైవర్ తన యాప్‌లో కొడతాడు. రెండూ ఒకటైతేనే ప్రయాణం మొదలైనట్టు నమోదవుతుంది. ఊహించి కొట్టి గెలిచే అవకాశం పదివేలకు ఒకటి. ఎవరూ ఎక్కకుండానే బండి కదిలినట్టు చూపించడం, ఒకరు పిలిచిన బండిలో పొరపాటున ఇంకొకరు ఎక్కేయడం దీనితో చాలావరకు ఆగిపోయాయి.

అయితే ఈ రుజువు ఒకవైపే పనిచేస్తుంది. ప్రయాణికుడు చెప్పిన అంకెలు సరైనవో కావో డ్రైవరుకూ సర్వరుకూ తెలుస్తుంది. డ్రైవర్ అసలైనవాడో కాదో ప్రయాణికుడికి తెలియదు. నకిలీ డ్రైవర్ ఎవరైనా సరే ఫోన్‌లో ఏదో కొట్టినట్టు నటించి, "సరే, కూర్చోండి" అనగలడు. అందుకే ప్రయాణికుడు నమ్మాల్సింది తాను చెప్పిన ఓటీపీని కాదు. దాని తర్వాత 'ప్రయాణం మొదలైంది' అంటూ తన ఫోన్‌లో మారే తెరను. బండి కదలకముందే ఆ మార్పు కనిపించాలి.

2019 మార్చిలో అమెరికాలోని దక్షిణ కరోలినా రాష్ట్రం, కొలంబియా నగరంలో ఇరవై ఒక్క ఏళ్ల విద్యార్థిని తాను పిలిచిన ఊబర్ అనుకుని వేరే కారెక్కింది. ఆ కారు నడుపుతున్నవాడు ఆమెను హత్య చేశాడు. ఆ తర్వాత అమెరికాలో ఒక ప్రచారం ఊపందుకుంది: ఎక్కేముందు డ్రైవర్నే 'నా పేరేమిటి?' అని అడగండి అని. ఇందులో సూక్ష్మం ఉంది. "లక్ష్మి గారికోసమేనా వచ్చారు?" అంటే ఎవరైనా "అవునండీ" అనేస్తారు. "ఎవరికోసం వచ్చారు?" అంటే జవాబు తెలిసినవాడే చెప్పగలడు. ఆ ఏడాదే ఊబర్ అమెరికాలో నాలుగంకెల పిన్ ప్రవేశపెట్టింది. రెండు ఫోన్లూ మనిషి చెవికి వినపడని అతిధ్వనులతో ఒకదాన్నొకటి గుర్తుపట్టే పద్ధతి మీద కూడా పనిచేస్తున్నామని ప్రకటించింది.

పిన్ చెప్పేది ఈ బండిని పిలిచిన ఫోన్‌లోని అంకెలు ఇక్కడికి చేరాయని, అతిధ్వని చెప్పేది ఆ ఫోన్ ఇక్కడే ఉందని. ఆ ఫోన్ పట్టుకున్న మనిషి ఎవరన్నది వేరే సంగతి.

బస్సు, రైలు, విమానం

'గుర్తింపు తనిఖీ' అనే ఒక్క మాట కింద మనం మూడు వేరు వేరు ప్రశ్నలు కలిపేస్తున్నాం. విజయనగరం, శ్రీకాకుళం ప్రయాణికులకు ఈ మూడూ రోజూ ఎదురవుతున్నవే.

మొదటిది అర్హత. 2025 ఆగస్టు 15న ఆంధ్రప్రదేశ్‌లో 'స్త్రీశక్తి' పథకం మొదలైంది. పల్లెవెలుగు, అల్ట్రా పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో, నగరాల్లో తిరిగే సిటీ ఆర్డినరీ, మెట్రో ఎక్స్‌ప్రెస్‌లలో మహిళలకు ఉచిత ప్రయాణం. పాలకొండ బస్సులో కండక్టర్ ఆధార్ కార్డో, ఓటరు కార్డో, రేషన్ కార్డో చూసి సున్నా చార్జీ టికెట్ కొడతారు. అక్కడ ఆయనకు కావాల్సింది ఆమె పేరు కాదు. ఈ రాష్ట్రంలో నివసించే మహిళేనా కాదా అన్నదే. కార్డు మీదున్న పుట్టిన తేదీ, తండ్రి పేరు, పన్నెండంకెల నంబరు ఆ పనికి అక్కర్లేదు. అయినా అవన్నీ ఆయన కళ్లముందుకు వస్తాయి.

రెండోది సరిపోలడం. రిజర్వేషన్ బోగీలో టీటీఈ చేతిలోని జాబితాలో ఉన్న పేరూ, బెర్తులో కూర్చున్న మనిషీ ఒకరేనా అన్నది ప్రశ్న. 2012 డిసెంబరు 1 నుంచి అన్ని రిజర్వుడు తరగతుల్లోనూ గుర్తింపు కార్డు తప్పనిసరి అయింది. ఒకే టికెట్ మీద కుటుంబమంతా వెళ్తుంటే ఒక్కరి దగ్గర కార్డున్నా చాలన్నారు. 2025 జులై నుంచి తత్కాల్ టికెట్ ఆన్‌లైన్‌లో కొనాలంటే ఆధార్ ఓటీపీ కూడా కావాలి. అది బెర్తులో మనిషి కోసం పెట్టింది కాదు, యంత్రాలతో టికెట్లు ఎగరేసుకుపోయేవాళ్ల కోసం పెట్టింది.

విమానాశ్రయంలో ఈ సరిపోలడమే ముఖానికి మారింది. 2024 సెప్టెంబరులో విశాఖ విమానాశ్రయం నుంచి పౌర విమానయాన మంత్రి, శ్రీకాకుళం ఎంపీ కింజరాపు రామ్మోహన్ నాయుడు ఒకేసారి తొమ్మిది విమానాశ్రయాలకు డిజియాత్రను ప్రారంభించారు. ప్రయాణికుడి ముఖం ఫొటో, ఆధార్‌తో ధ్రువీకరించిన వివరాలు అతని ఫోన్‌లోనే ఉంటాయి. ప్రయాణానికి ముందు ఆ విమానాశ్రయానికి మాత్రం పంపుతారు. విమానం బయల్దేరిన 24 గంటల్లో అక్కణ్నుంచి తుడిచేయాలన్నది నియమం.

మూడోది దొరకడం. ఏదైనా జరగరానిది జరిగితే ఆ మనిషిని వెతికి పట్టుకోగలమా? డ్రైవర్లు నిజంగా అడుగుతున్నది ఇదే. అర్ధరాత్రి ఎక్కినవారి ఇంటిపేరు తెలుసుకోవాలని ఏ డ్రైవరుకూ ఆత్రం లేదు. దారిలో కత్తి తీసి డబ్బులు లాక్కుంటే ఆ తర్వాత ఆ మనిషి ఆచూకీ ఉంటుందా అన్నదే భయం. ఓటీపీ రెండో ప్రశ్నకు కొంతవరకు జవాబిస్తుంది. మూడోదాన్ని ముట్టుకోదు.

ఖాతా ఒకరిది, ప్రయాణం ఇంకొకరిది

ఉత్తరాంధ్రలో ఈ తేడా పుస్తకాల్లో ఉండేది కాదు. పిల్లలు హైదరాబాద్‌లోనో బెంగళూరులోనో చెన్నైలోనో ఉంటారు, తల్లిదండ్రులు సొంతూళ్లో ఉంటారు. కేజీహెచ్ ఆస్పత్రిలో చూపించుకోవడానికి నరసన్నపేట నుంచి బస్సులో వచ్చిన తల్లికి, విశాఖ ద్వారకా బస్ స్టేషన్ దగ్గర బండి పిలిచేది ఎక్కడో ఉన్న కొడుకు. ఓటీపీ అతని ఫోన్‌కి వస్తుంది. అతను ఆమెకు ఫోన్ చేసి చెబుతాడు. ఆమె డ్రైవరుకు చెబుతుంది.

ఇక్కడ కంపెనీకి తెలిసిన మనిషి బండిలో లేరు. బండిలో ఉన్న మనిషి కంపెనీకి తెలియదు. ఖాతాదారుడి ఆధార్, ముఖం, బ్యాంకు ఖాతా అన్నీ తనిఖీ చేసి నీలిరంగు టిక్కు పెట్టినా డ్రైవర్ వెనక కూర్చున్నది ఎవరో అది చెప్పదు. ప్రయాణికుడే సెల్ఫీ దిగి చూపించాలని నియమం పెడితే ఈ తల్లికి ఆస్పత్రికి బండి దొరకదు. అందుకే ప్రపంచంలో ఎక్కువ కంపెనీలు పరీక్షిస్తున్నది ప్రయాణికుణ్ని కాదు, ఖాతాను.

అలాగని ఖాతా తనిఖీ వృథా కాదు. కొడుకు దొరికితే తల్లి ఎవరో తెలుస్తుంది. 'దొరకడం' అనే ప్రశ్నకు ఒక మెట్టు దూరంలోనైనా జవాబు ఉన్నట్టే.

హైదరాబాద్‌లో మొదలైన నగదు

ఊబర్ అమెరికాలో పుట్టినప్పుడు క్రెడిట్ కార్డు లేనిదే బండి ఎక్కే వీలు లేదు. కార్డు వెనక బ్యాంకు ఉంది, బ్యాంకు దగ్గర మనిషి వివరాలున్నాయి. అంటే గుర్తింపు తనిఖీని కంపెనీ తెలియకుండానే బ్యాంకుకు అప్పగించేసింది. ఇండియాలో ఆ లెక్క కుదరలేదు. 2015 మేలో ప్రపంచంలోనే మొదటిసారి నగదు చెల్లింపును ఊబర్ ప్రయోగించి చూసిన నగరం హైదరాబాద్. అక్కడ నడిచింది కాబట్టి మిగతా దేశాలకూ పాకింది.

2016లో అదే నగదు బ్రెజిల్ చేరింది. ఒక ఈమెయిలో ఫోన్ నంబరో ఇస్తే చాలు, ఎవరైనా బండి పిలవగలరు. ఆ తర్వాత అక్కడ డ్రైవర్ల మీద దాడులు బాగా పెరిగాయని రాయిటర్స్ వార్తాసంస్థ 2017 ఫిబ్రవరిలో బయటపెట్టింది. నగదు చెల్లించేవాళ్లు ఇకపై సీపీఎఫ్ అనే పన్ను గుర్తింపు సంఖ్య ఇవ్వాల్సిందేనని ఊబర్ అక్కడ నియమం పెట్టింది. 2021లో అమెరికా, కెనడాల్లో ప్రీపెయిడ్ కార్డులు, గిఫ్ట్ కార్డులతో కొత్తగా చేరేవాళ్లను గుర్తింపు కార్డు అడగడం మొదలుపెట్టింది. 2024లో అమెరికా అంతటా ప్రయాణికుల ఖాతాలను ధ్రువీకరించి, డ్రైవరుకు కనిపించేలా గుర్తు పెట్టింది.

ఇండియాలో దారి వేరుగా పడింది. 2014 డిసెంబరులో ఢిల్లీలో ఊబర్ డ్రైవర్ ప్రయాణికురాలిపై చేసిన అత్యాచారం దేశాన్ని కుదిపేసింది. దాంతో నిఘా మొత్తం డ్రైవర్ల మీదికి మళ్లింది. మళ్లాల్సిందే కూడా. 2017 నుంచి ఊబర్ ఇక్కడి డ్రైవర్లను మధ్యమధ్యలో సెల్ఫీ అడిగి, నమోదైన ఫొటోతో పోల్చి చూస్తోంది. 2020 నవంబరులో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం విశాఖలో 'అభయం' పేరుతో ఆటోల్లో జాడ తెలిపే పరికరాలు, ఆపద బటన్లు పెట్టించడం మొదలుపెట్టినప్పుడూ గురి బండి మీదే, డ్రైవర్ మీదే.

మన ఆధారం సిమ్ కార్డు

మరి ఇక్కడ ప్రయాణికుడి ఖాతా దేనికి కట్టి ఉంది? ఫోన్ నంబరుకు. సిమ్ కొనేటప్పుడు గుర్తింపు కార్డు చూపిస్తాం, ఫొటో దిగుతాం. అంటే బ్యాంకు చేయాల్సిన పనిని మన దగ్గర సిమ్ అమ్మే దుకాణం చేస్తోంది. డ్రైవరుకు ఆ నంబరు కూడా తెలియనక్కర్లేదు. చాలా యాప్‌లలో ఇద్దరి మధ్య కాల్ ఒక మధ్యవర్తి నంబరు గుండా పోతుంది, ఒకరి నంబరు ఇంకొకరికి కనిపించదు. పోలీసులు చట్టప్రకారం అడిగితే మాత్రం కంపెనీ నంబరును, టెలికాం సంస్థ ఆ నంబరు వెనకున్న మనిషిని చెప్పగలవు.

ఈ గొలుసులో బలహీనమైన లింకు దుకాణమే. ఒకరి ఆధార్ నకలుతో ఇంకొకరికి సిమ్ ఇచ్చేస్తే గొలుసంతా అక్కడే తెగిపోతుంది. మన పేరు మీద ఎన్ని సిమ్‌లు నడుస్తున్నాయో చూసుకునే టాఫ్‌కాప్ సదుపాయాన్ని టెలికాం శాఖ 2021లో మొదట తెరిచింది ఆంధ్రప్రదేశ్, తెలంగాణ వినియోగదారులకే. తర్వాత అది దేశమంతటికీ విస్తరించి సంచార్ సాథీ పోర్టల్‌లో కలిసింది. ఒకే ముఖం ఫొటోతో వేరు వేరు పేర్ల మీద తీసుకున్న సిమ్‌లను కంప్యూటరుతో పట్టుకునే 'అస్త్ర్' అనే పద్ధతిని కూడా ఆ శాఖ వాడుతోంది.

ఇంకో చిక్కు: వాడకం ఆగిపోయిన నంబర్లను కొన్నాళ్లకు టెలికాం సంస్థలు వేరేవాళ్లకు అమ్ముతాయి. పాత యజమాని ఖాతా మూసేయకపోతే ఆ ఖాతా ఓటీపీలు కొత్త యజమానికి వెళ్తాయి.

ఆధార్ అడిగేస్తే పోదా?

సులువుగా తోచే పరిష్కారం ఇదే. ముందు చట్టం సంగతి. 2018 సెప్టెంబరు 26న సుప్రీంకోర్టు ఆధార్ చట్టంలోని 57వ సెక్షన్ కింద ప్రైవేటు కంపెనీలు ఆధార్ ధ్రువీకరణ వాడే వెసులుబాటును కొట్టేసింది. 2019లో చట్టాన్ని సవరించి, మనిషి ఇష్టపూర్వకంగా ఇస్తే వాడుకునే దారి కొంత తెరిచారు. 2025 జనవరిలో వచ్చిన సవరణ నియమాలు ప్రజాప్రయోజనం ఉన్న సేవలకు, కేంద్రం అనుమతితో ప్రైవేటు సంస్థలూ అడిగే వీలు కల్పించాయి.

తర్వాత లెక్క సంగతి. ఆధార్‌లో పన్నెండంకెలున్నా చివరిది తనిఖీ అంకె. దాన్ని డచ్ గణితజ్ఞుడు యాకోబస్ వెర్‌హఫ్ 1969లో ప్రచురించిన పద్ధతిలో మిగతా పదకొండంకెల నుంచి లెక్కగడతారు. ఒక్క అంకె తప్పు కొట్టినా, పక్కపక్క అంకెలు తారుమారైనా ఆ లెక్క పట్టేస్తుంది. కానీ అది చేతి పొరపాట్లను పట్టడానికే. తోచిన పదకొండంకెలు రాసి చివర ఏదో ఒకటి పెడితే పదింటిలో ఒకసారి లెక్క కుదిరిపోతుంది. కుదిరినంత మాత్రాన ఆ నంబరుతో మనిషి ఉన్నట్టు కాదు.

కార్డు ఫొటో పంపమంటే? ఫొటోను కంప్యూటరులో మార్చడం ఈ రోజుల్లో పిల్లల పని. నమ్మదగ్గది కార్డు మీద అచ్చు వేసిన పేరు కాదు, పక్కనున్న క్యూఆర్ గడి. అందులోని వివరాల మీద ఆధార్ జారీ చేసే యూఐడీఏఐ సంస్థ డిజిటల్ సంతకం ఉంటుంది. సంతకం చేసే రహస్య తాళం ఆ సంస్థ దగ్గరే ఉంటుంది. సరిచూసే తాళం అందరికీ అందుబాటులో ఉంటుంది. గడిలో ఒక్క అక్షరం మార్చినా సంతకం చెల్లదు. ఇంటర్నెట్ లేకపోయినా ఈ పరీక్ష జరిగిపోతుంది.

అంతకంటే పెద్ద చిక్కు, అడిగి తీసుకున్నదాన్ని దాచడం. 2016లో ఊబర్ నుంచి ప్రపంచవ్యాప్తంగా 5.7 కోట్ల మంది ప్రయాణికులు, డ్రైవర్ల వివరాలు దొంగల చేతికి పోయాయి. కంపెనీ ఆ సంగతిని ఏడాది పాటు దాచి, 2017 నవంబరులో చెప్పింది. అప్పుడు పోయినవాటిలో అమెరికా డ్రైవర్ల లైసెన్సు నంబర్లు ఆరు లక్షల దాకా ఉన్నాయి. ప్రయాణికులవి మాత్రం పేర్లు, ఈమెయిళ్లు, ఫోన్ నంబర్లే. వాళ్ల గుర్తింపు కార్డులు కంపెనీ దగ్గర లేవు కాబట్టి పోలేదు. మన దేశంలో 2023లో వచ్చిన డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం భద్రతలో విఫలమైతే రూ.250 కోట్ల దాకా జరిమానా విధించే వీలిచ్చింది. అవసరమైనంత మేరకే అడగాలని కూడా చెప్పింది.

ముఖం చూసి ఎక్కించుకుంటే?

ముఖ గుర్తింపులో రెండు రకాల తప్పులు జరుగుతాయి. వేరే మనిషిని 'ఇతనే' అనడం ఒకటి. అసలు మనిషిని 'ఇతను కాదు' అనడం రెండోది. ఒకదాన్ని తగ్గించడానికి గీత బిగిస్తే రెండోది పెరుగుతుంది. నూటికి ఒక్కసారే అసలు మనిషిని తిప్పికొట్టే పద్ధతి ఉందనుకుందాం. వినడానికి బాగానే ఉంటుంది. రోజుకు పదివేల ప్రయాణాలు జరిగే నగరంలో ఆ లెక్కన వందమంది నిజమైన ప్రయాణికులు రోడ్డు మీద నిలబడిపోతారు. విమానాశ్రయంలో అయితే పక్కనే మామూలు వరస ఉంటుంది. రాత్రి పదకొండింటికి విజయనగరం కోట దగ్గర ఆ రెండో వరస ఎక్కడుంది?

తప్పులు అందరికీ సమానంగానూ పడవు. 2018లో పరిశోధకులు జాయ్ బులమ్‌వీని, టిమ్నిట్ గెబ్రూ మూడు కంపెనీల సాఫ్ట్‌వేర్‌ను పరీక్షించారు. ఫొటోలోని వ్యక్తి ఆడో మగో చెప్పడంలో తెల్లని పురుషుల విషయంలో తప్పు 0.8 శాతం దాటలేదు. నల్లని మహిళల విషయంలో 34.7 శాతం దాకా వెళ్లింది. ఆ తర్వాత సాఫ్ట్‌వేర్లు మెరుగుపడ్డాయి. అయినా ఎండలో మత్స్యలేశం, కళింగపట్నం తీరాల్లో పనిచేసే ముఖాలను, వీధి దీపం వెలుతురులో, పాత ఫోన్ కెమెరాతో తీసిన ఫొటోల మీద పరీక్షించకుండా వాటిని నమ్మడం కుదరదు.

గుర్తింపు ఉన్నంత మాత్రాన నేరం ఆగదని కూడా గుర్తుంచుకోవాలి. చైనాలో సిమ్‌లన్నీ అసలు పేరు మీదే ఇస్తారు. అయినా 2019 మార్చిలో హునాన్ రాష్ట్రం చాంగ్‌దె నగరంలో పందొమ్మిదేళ్ల ప్రయాణికుడు దీదీ అనే క్యాబ్ సంస్థ డ్రైవర్ని కారులోనే పొడిచి చంపాడు. తర్వాత తానే పోలీసులకు లొంగిపోయాడు. ముందే ఎవరో తెలిసిన మనిషి విషయంలో కూడా డ్రైవరుకు ఆ క్షణంలో అక్కరకొచ్చేది ఆపద బటను, దాన్ని చూసి వెంటనే కదిలే మనుషులు.

తెలియాల్సినంతే తెలిపే పద్ధతి

మూడు ప్రశ్నలనూ విడదీస్తే దారి కనిపిస్తుంది. డ్రైవరుకు ప్రయాణికుడి పేరుగానీ, నంబరుగానీ, పుట్టిన తేదీగానీ అక్కర్లేదు. 'ఈ ఖాతా వెనక ధ్రువీకరించిన మనిషి ఉన్నారు' అన్న ఒక్క ముక్క చాలు. వివరాలు వెల్లడించకుండా ఆ ముక్కను మాత్రం సంతకంతో సహా చూపించే గణితం ఇప్పటికే ఉంది. 2025 ఏప్రిల్‌లో కేంద్రం చూపించిన కొత్త ఆధార్ యాప్ ఆలోచన కూడా ఇదే. కార్డు నకలు ఇవ్వకుండా, అవతలివాళ్లకు అవసరమైన వివరం ఒక్కటే క్యూఆర్ ద్వారా పంచుకోవడం. పాలకొండ బస్సు కండక్టరుకు 'ఈ రాష్ట్రపు మహిళ' అని మాత్రమే, క్యాబ్ కంపెనీకి 'నిజమైన మనిషి' అని మాత్రమే తెలిసేలా చేయడం సాంకేతికంగా ఇప్పుడు కష్టమేమీ కాదు.

అసలు కష్టం డబ్బు, బాధ్యతల పంపకంలో ఉంది. 2025 జులైలో కేంద్రం సవరించిన క్యాబ్ సంస్థల మార్గదర్శకాలు డ్రైవరుకు శిక్షణ, కనీసం రూ.5 లక్షల ఆరోగ్య బీమా, రూ.10 లక్షల టర్మ్ బీమా ఉండాలంటున్నాయి. అందులో తనిఖీల బరువు ఎక్కువగా డ్రైవర్ వైపే ఉంది. ప్రయాణికులను కూడా తనిఖీ చేయాలంటే ఆ ఖర్చు ఎవరిది, తప్పు జరిగితే జవాబుదారీ ఎవరు అన్నవి తేలాలి. తనిఖీ లేని ప్రయాణికుణ్ని కాదనే హక్కు డ్రైవరుకు ఉంటుందా, కాదంటే అతని రేటింగ్ పడిపోతుందా అన్నది కూడా రాసి పెట్టుకోవాలి.

ఈ ప్రశ్నలు విజయనగరం జిల్లాకు దగ్గరికొచ్చేశాయి. భోగాపురంలో జీఎంఆర్ సంస్థ చేతిలో రూపుదిద్దుకున్న అల్లూరి సీతారామరాజు అంతర్జాతీయ విమానాశ్రయం విశాఖ నగరానికి నలభై కిలోమీటర్లకు పైగా దూరం. అర్ధరాత్రి దిగిన ప్రయాణికుడూ, పిలిస్తే వచ్చిన డ్రైవరూ ముక్కూమొహం తెలియకుండానే జాతీయ రహదారి మీద ఓ గంట కలిసి ప్రయాణించాలి. పైగా బండి పిలిచింది మూడో మనిషి కావచ్చు. 'ఇంకొకరి కోసం బుక్ చేస్తున్నాను' అని ఖాతాదారు ముందే చెప్పే వీలు, చెబితే ఆ సంగతి డ్రైవరుకు కనిపించే వీలు, కనిపించాక పైసా జరిమానా లేకుండా రాననే వీలు: ముందుగా తేల్చాల్సినవి ఈ మూడు. వీటికి కెమెరా అక్కర్లేదు, ఆధార్ అంతకన్నా అక్కర్లేదు.